క్యోటోలో వదిలిన చెప్పులు

మార్చి 18, 2025. ఫ్రిస్కో

వచ్చేశాం. టోక్యోలో ఎక్కి డాలస్‌లో దిగి, అమ్మాయి ఇంటికి చేరాం. జపాన్ చూశాను! పదో తరగతి తప్పినవాణ్ణి, ఒంగోలు డిపోలో కండక్టరుగా రిటైరైనవాణ్ణి, జపాన్ చూశాను. ఇది రాస్తుంటే నా మొహం నాకే నవ్వుతున్నట్టు తెలుస్తోంది.

ప్లానంతా అమ్మాయిదే. నేను హైదరాబాద్ నుంచి టోక్యోకి, వాళ్ళు ముగ్గురూ ఇక్కణ్ణుంచి టోక్యోకి. సుధ, అల్లుడు లోకేష్, మనవరాలు ఇషిత. ఇషితకి స్ప్రింగ్ బ్రేక్. తిరగాల్సినవి తిరిగి, అందరం కలిసి ఇక్కడికి. ఎయిర్‌పోర్టులో నన్ను చూడగానే సుధ చూపు నా కాళ్ళ మీద పడింది. ఇవేం చెప్పులు నాన్నా, షూస్ వేసుకోమని ఎన్నిసార్లు చెప్పాను అంది. మీ అమ్మ కొన్నవి అన్నాను. వంగి నా సంచీ అందుకుంది. వాళ్ళమ్మ పోయి రెండేళ్ళు.

ఆ చెప్పులు ఇప్పుడు లేవు. అది తర్వాత రాస్తాను. కళ్ళు మూతలు పడుతున్నాయి.

మార్చి 19. మధ్యాహ్నం 2

ముందు ఫుజి కొండ. బస్సులో కిటికీ సీటు నాకే ఇచ్చారు. ఒక మలుపు తిరగ్గానే ఎదురుగా నిలబడి ఉంది. అబ్బబ్బ! ఎంత రాసినా చాలదు. ఆకాశంలో సగం అదే.

మా వంటగది తలుపు పక్కన ఎరువుల కొట్టువాళ్ళిచ్చిన క్యాలెండర్ ఉండేది. దాని మీద ఈ కొండే. ఏడాది అయిపోయినా మా ఆవిడ కోటమ్మ దాన్ని తీయనివ్వలేదు. ఎవరో పైనుంచి సున్నం కొట్టుకుంటూ వచ్చి కూలి కుదరక సగంలో దిగిపోయారండీ అనేది. అది మంచు అంటే నమ్మేది కాదు. మీరు వెళ్ళి చూసొచ్చారా అనేది.

చూసొచ్చాను. మంచే.

ఏడుస్తున్నావా తాతా అని ఇషిత అడిగింది. ఎండ అన్నాను. ఎండ అవతలి సీట్ల మీద ఉంది.

రైలు సంగతి కూడా రాయాలి. ఇన్నేళ్ళు బస్సులో జరగండి, లోపలికి జరగండి అని అరిచినవాణ్ణి నేను. అక్కడి కండక్టరు పెట్టె దాటి వెళ్ళేముందు వెనక్కి తిరిగి, అందరికీ వంగి దణ్ణం పెట్టాడు. ఎవరూ అతని వంక చూడటం లేదు. అయినా పెట్టాడు. నేను లేచి నిలబడి నేనూ పెట్టాను. అతను మళ్ళీ పెట్టాడు. నేనూ మళ్ళీ. మామయ్యగారూ కూర్చోండి, లేకపోతే ఆయన డ్యూటీ ఇక్కడే అయిపోతుంది అన్నాడు లోకేష్. పెట్టెలో నవ్విన ఒక్కగానొక్క పిల్ల మన ఇషితే.

మార్చి 20

చెప్పుల సంగతి.

క్యోటోలో ఒక కొండ ఉంది. ఫుషిమి అంటారు. కింద నుంచి పై దాకా ఎర్ర ద్వారాలే, ఒకదాని వెనక ఒకటి, మధ్యలో మెట్లు. దేవుడి వాహనం నక్క అట. రాతి నక్కల మెడలకి ఎర్ర గుడ్డలు కట్టారు. ఎంత ముచ్చటగా ఉందో! మొదటి ద్వారం దగ్గరే చెప్పులు విడిచి, పక్కన జతగా పెట్టి, దణ్ణం పెట్టుకుని ఎక్కాను. దేవుడి కొండ అన్నాక ఎవరైనా అంతే కదా. రాళ్ళు చల్లగా ఉన్నాయి. కోటమ్మతో అలిపిరి మెట్లెక్కినట్టే ఉంది, ఆయాసం కూడా అలాగే.

సగం ఎక్కాక సుధ చూసింది. నాన్నా, చెప్పులేవి? కింద విడిచానమ్మా. అయ్యో నాన్నా, ఇక్కడెవరూ విడవరు, చూడు అంది. చూశాను. నిజమే, అందరి కాళ్ళకీ బూట్లే. ముసలమ్మలు నా పాదాలు చూసి ఏదో గుసగుసగా అనుకుంటున్నారు.

దిగి వచ్చేసరికి చెప్పులు లేవు.

జపాన్‌లో దొంగతనాలుండవు మామయ్యగారూ అని లోకేష్ ఆ ద్వారం చుట్టూ తిరిగాడు. ఒసాకా రైలుకి టైమైపోతోంది. తన జిమ్ షూస్ నాకు తొడిగి తీసుకెళ్ళాడు.

ఆ చెప్పులు కొనేటప్పుడే కోటమ్మ ఒక సైజు పెద్దవి తీసుకుంది. వదులే అన్నాను. రేపెప్పుడైనా కాలు వాస్తుంది, అప్పుడు తలుచుకుంటారు నన్ను అంది. గుళ్ళ దగ్గర గుట్టలో గుర్తుపట్టడానికి పట్టీకి ఎర్రదారం కుట్టింది. కాలు ఎప్పుడూ వాయలేదు. నడిస్తే టపటపా చప్పుడు. ఆ చప్పుడు లేక ఈ కార్పెట్ ఇంట్లో నేను నడుస్తున్నట్టే లేదు.

మార్చి 21

నారా ఊళ్ళో వీధుల్లో తిరిగే జింక ఒకటి నా టోపీ సగం తినేసింది. సుఖంగా నమిలింది. ఇది మర్చిపోకూడదు.

మార్చి 23

పార్కులో కొండల్ రావు కలిశాడు. వరంగల్ ఆయన. కొడుకు దగ్గర ఉంటాడు, పోయినసారి వచ్చినప్పుడు కూడా పొద్దున నడకలో ఆయనే నాకు జత. అంతా చెప్పాను. ఫుజి, రైలు, జింక, వేడినీళ్ళ స్నానాల ఇల్లు. అక్కడ అందరూ బట్టల్లేకుండా దిగుతారు, నేను గుమ్మం దాకా వెళ్ళి పారిపోయి వచ్చాను. ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. చెప్పుల సంగతికి ఇంకా నవ్వాడు. గుడి కాడ చెప్పులు పోతే మంచిదేనే అన్నా, శని గూడ వాటెంబడే పోతది, నీ శని జపాన్ల దిగింది, ఇగ వాపస్ రాదు, దానికి వీసా యాడిది అన్నాడు.

నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు. వాటితో పోయింది శని కాదు.

మార్చి 25

సుధ కొత్త చెప్పులు తెచ్చింది. మెత్తగా ఉన్నాయి. చప్పుడు లేదు.

మార్చి 29. ఉదయం 8

దొరికాయి! దొరికాయి! దొరికాయి!

క్యోటోలో మేం దిగిన సత్రం ఆవిడ, యోషికోగారు, సుధ ఫోనుకి మెసేజ్ పెట్టింది. సుధ ఆవిడకి రాసిందన్న సంగతే నాకు తెలియదు. నాకు చెప్పి ఆశ పెట్టడం ఎందుకని చెప్పలేదట. ఎంత మనసమ్మా నీది.

ఎవరూ ఎత్తుకుపోలేదట. చెప్పులు అలా జతగా ఉండి మనిషి కనబడకపోతే వాళ్ళకి భయమట, ఆ మనిషి ప్రాణం తీసుకోవడానికి వెళ్ళాడేమోనని. ఎవరో తీసుకెళ్ళి పోలీసులకిచ్చారు. నేను పైన దణ్ణాలు పెట్టుకుంటూ తిరుగుతుంటే, కింద ఇద్దరు పోలీసులు కొండ పక్క పొదల్లో నా కోసం వెతికారట! భాష తెలియని ఊళ్ళో, నా మొహం కూడా చూడనివాళ్ళు నా కోసం వెతికారు. సిగ్గేసింది. కళ్ళు కూడా తడిశాయి. ఈసారి ఎండ అని అబద్ధం చెప్పలేదు.

పట్టీకి ఎర్రదారం ఉంటుందని సుధ రాసిందట. పోలీసులు ఆ దారం చూసే ఇచ్చారు. యోషికోగారు ఫొటో పంపింది. ఆవిడ అరుగు మీద నా చెప్పులు, వెనక చెట్టు నిండా లేత గులాబీ రంగు సకురా పూలు. మేం ఉన్నప్పుడు అన్నీ మొగ్గలే. కోటమ్మ చెప్పులు సకురా చూశాయి, నేను చూడలేదు!

పోస్టులో పంపుతానంది.

ఏప్రిల్ 2

మెయిల్‌బాక్స్ దగ్గరికి రెండుసార్లు వెళ్ళాను. పోస్టు రోజుకి ఒక్కసారే వస్తుంది తాతా అంది ఇషిత. నాకూ తెలుసు.

ఏప్రిల్ 9

పార్సిల్ గుమ్మం ముందు పెట్టి వ్యాను వెళ్ళిపోతోంది. కిటికీలోంచి చూసి, సుధ ఆగు నాన్నా అంటున్నా ఆగకుండా పరిగెత్తాను. గుమ్మం దగ్గర మెట్టు తప్పాను. కుడికాలు మడతపడింది. అక్కడే కూలబడి, నొప్పి పక్కనపెట్టి, డబ్బా చింపాను.

పల్చటి కాగితంలో చుట్టి ఉన్నాయి. కడిగి పంపింది. ఒంగోలు దుమ్ము కూడా పోయింది. ఎర్రదారం మాత్రం అలాగే ఉంది. సుధ నా పక్కనే మెట్టు మీద కూర్చుని ఆ దారాన్ని వేలితో నిమురుతూ ఉండిపోయింది. అమ్మ కుట్లు ఎప్పుడూ వంకరే నాన్నా అంది. అవును, వంకరే. ఇద్దరం గట్టిగా నవ్వుకున్నాం, ఎదురింటివాళ్ళు తొంగి చూసేంత.

సాయంత్రం కొండల్ రావు చూడ్డానికి వచ్చాడు. గదేందే అన్నా, పోయిన శనిని పైసలు కట్టి కొరియర్ల తెప్పించుకున్నవా, రాంగనే కాలు ఇరగ్గొట్టిందా అన్నాడు. అవునయ్యా, తెప్పించుకున్నాను, కాఫీ తాగు అన్నాను.

ఏప్రిల్ 10

కుడికాలు బూరెలా పొంగింది. షూ పట్టలేదు. కొత్త చెప్పు పట్టలేదు. కోటమ్మ కొన్నది కొలిచినట్టు సరిపోయింది.

తలుచుకున్నానే.