లోపల ఉక్కపోత

కొత్తవాడ, వరంగల్
భాద్రపద మాసం, 1946

బొంబాయి బావ రాజలింగం గారికి నమస్కారాలు.

మిల్లు దూది నా ఛాతీకి పడక, మీ చెల్లెలినీ పిల్లలనూ తీసుకుని తిరిగొచ్చి నెల దాటింది. ఇక్కడ రెండు అర్రలు, వాకిలి ఉన్న ఇల్లు దొరికింది. కిరాయి మీ ఒక్క గదికి కట్టేదానిలో నాలుగో వంతు కూడా లేదు. అక్కడ మీ మూడో అంతస్తులో మగ్గం గుంట ఎలా తవ్వుతామని నవ్వుకునేవాళ్ళం కదా, ఇక్కడ వచ్చిన మర్నాడే తవ్వాను. కూలి మాత్రం తక్కువ. గంజితో గడిచే పూటలూ ఉన్నాయి.

ఇంత జాగా ఉన్నా పిల్లలు ఇంకా మీ గదిలోలాగే మోకాళ్ళు ముడుచుకునే పడుకుంటున్నారు. నిన్న మధ్యాహ్నం మీ చెల్లెలు "కాళ్ళు చాపుకోండ్రి బిడ్డా" అంటే, చిన్నది "మామ పెట్టెకు తాకుతయ్" అన్నది.

అప్పుడు మీరు గుర్తొచ్చారు. గది మాకిచ్చి ఎనిమిది నెలలు బయట నడవలో పడుకున్నారు. అడిగితే "లోపల ఉక్కపోస్తాంది, నాకు నిద్ర పట్టది" అనేవారు. వానకు చాప తడిసిన రోజూ అదే మాట. నేను నమ్మాను. నమ్మితేనే నాకు నిద్ర పట్టేది బావా. మీ రుణం ఏం చేసినా తీరదు.

దీపావళికి మిల్లు సెలవిస్తే తప్పకుండా రండి. అప్పటికి ఇక్కడ చలి మొదలవుతుంది. మీ మంచం లోపల వేయిస్తాను. నేను వాకిట్లో పడుకుంటాను. ఎందుకని అడగకండి, నాకు లోపల ఉక్కపోస్తుంది.

మీ చెల్లెలి పెనిమిటి