రెండు కార్లు, నాన్న ఎడమ కాలు

మే 4, 1963

ఉప్పు కయ్య గట్టు మీద నాన్న ఎడమ చెప్పు జారిపోయింది. నాన్నకు తెలియలేదు. పది అడుగులు అలాగే నడిచాడు — ఒక కాలికి చెప్పు, ఇంకో కాలు ఉత్తది. మిట్టమధ్యాహ్నం. గట్టు పెనంలా ఉంది. చెప్పు తీసుకుని పరుగెత్తాను. ఎవరిదో అన్నట్టు చూశాడు దాన్ని. తర్వాత తన కాలును చూసుకున్నాడు.

"మీ అమ్మకు చెప్పబాక."

మే 5

చెప్పలేదు.

మే 7

ఈ పుస్తకం అట్లాస్ అట్ట లోపల పెడుతున్నాను. సెలవుల్లో అట్లాస్ ఎవరూ తెరవరు.

పొద్దున వరండాలో నాన్న అగ్గిపుల్లతో అరికాలు పొడుచుకుంటున్నాడు. మెల్లగా. తర్వాత గట్టిగా. నన్ను చూసి పుల్ల విసిరేశాడు. చలికాలం నుంచీ ఆ కాలికి స్పర్శ లేదట. చక్కెర జబ్బు. మద్రాసు పోయినప్పుడు ఎవరికీ చెప్పకుండా చూపించుకున్నాడు.

"కుడి కాలు బాగానే ఉందిలే మ్మే."

కుడి కాలు సంగతి నేను అడగలేదు.

"మీ మామకు తెలిసిందంటే, కొఠారు నేను చూసుకుంటా, నువ్వు ఇంట్లో పడుకో బావా అంటాడు. సగం వాటా ఆయనదే గదా. అట్టా పడుకున్నోడు మళ్ళీ లేస్తాడా?"

ఉప్పు పండించే ఆ కొఠారు లేకుండా నాన్నను ఊహించుకోవాలని చూశాను. కుదరలేదు. తెల్లటి కుప్పలు కనిపిస్తున్నాయి, వాటి మధ్య నాన్న ఉండాల్సిన చోట ఎండ నిలబడి ఉంది.

మే 10

కోవూరు నుంచి మామయ్య వచ్చాడు. తన మిల్లు మెకానిక్ మస్తాన్‌ను కూడా వెంటబెట్టుకొచ్చాడు. కొఠారుకు కారు కొనాలట, పాతదైనా సరే.

"జట్కాలో పోయి దిగితే ఆ ఉప్పు ఆఫీసరు కుర్చీ కూడా వెయ్యడు బావా. నువ్వే తోలుకుంటావు, ఇంక డ్రైవరెందుకు?"

నాన్నకు వచ్చు. కొఠారు కొత్తలో లారీ తనే నడిపేవాడు. అప్పుడు రెండు కాళ్ళూ ఉన్నాయి.

రెండు కార్లు చూసి పెట్టినాడట. ఒకటి నెల్లూరులో ఒక డాక్టరుగారిది — ఇంగ్లండుది, నల్లది, చిన్నది. రెండోది గూడూరు అభ్రకం షావుకారుది — అమెరికాది, పడవంత. దానికి క్లచ్చి లేదట.

నాన్న అన్నం కలపడం ఆపాడు.

"క్లచ్చి లేకుండా ఎట్టా పోద్ది?"

"గేర్లు అదే మార్చుకుంటదయ్యా," అన్నాడు మస్తాన్. "ఎడమ కాలికి పనే లేదు. ఊరికే పక్కన పెట్టుకుని కూచోవడమే."

నాన్న నా వైపు చూడలేదు. నేనూ చూడలేదు.

మే 11

మధ్యాహ్నం నిద్రలో ఆ కారు వచ్చింది. చూడలేదు కదా, రంగు లేదు దానికి. ఉప్పు కయ్యల మీద తేలుతోంది, చక్రాలు తడవకుండా. నాన్న రెండు కాళ్ళూ ముడుచుకుని, పీట మీద కూర్చున్నట్టు కూర్చుని ఉన్నాడు. కారు తనంతట తనే పోతోంది... లేచాక కూడా కాసేపు పోతూనే ఉంది.

మే 13

ఇంట్లో ఇదే మాట. మామయ్య నల్ల కారు వైపు.

"అమెరికాది చెడితే మద్రాసు నించి మనిషి రావాల. నల్లదైతే మన మస్తాను కళ్ళు మూసుకుని విప్పుతాడు, కళ్ళు మూసుకుని బిగిస్తాడు."

"తెరిచే చేస్తాన్లే అయ్యా," అన్నాడు మస్తాన్.

నాన్న గొంతు సవరించుకుని — పెద్ద కారైతే సామాను పడతది గదా అన్నాడు.

"ఏం సామాను బావా? ఉప్పు బస్తాలు కార్లో వేస్తావా?"

నాన్న దగ్గర చెప్పడానికి ఒకటే కారణం ఉంది. అది చెప్పకూడనిది.

మే 15

అబద్ధం ఆడాను. అందరి ముందూ. నాకు అమెరికా కారే కావాలి, హాస్టల్ గేటు ముందు దాంట్లోంచే దిగాలి, అందరూ చూడాలి. కాలు నేలకేసి కొట్టాను కూడా. పదిహేనేళ్ళు వచ్చి.

అమ్మ అట్లకాడ పట్టుకునే బయటికొచ్చింది. "ఇంగ్లీషు బడికి పంపితే ఇట్టనే తయారవతారు. సిగ్గుండాల."

మామయ్య దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

నాన్న తల వంచుకుని, మెల్లగా — "పిల్ల ముచ్చట పడతా ఉంది గదా."

నా వెనక దాక్కున్నాడు. అంత పెద్ద మనిషి. నా మొహం ఇప్పటికీ మండుతోంది. కానీ మామయ్య ఒప్పుకున్నాడు: "సరే, తెప్పిస్తా. ఒక రోజు తోలి చూడండి."

మే 17

వచ్చింది. లేత నీలం. తలుపు వేస్తే పెద్ద పుస్తకం మూసినట్టు చప్పుడు.

స్టీరింగు పక్కన సన్నటి కడ్డీ. దాన్ని ఒక అక్షరం దగ్గర పెడితే చాలు. నాన్న ఎడమ కాలును పక్కన పెట్టుకున్నాడు, నిద్రపోయే పిల్లను పక్కన పడుకోబెట్టినట్టు. గట్టు వెంట కాలవ దాకా. అక్కణ్ణించి ఇసుక గట్టిగా ఉన్నచోట సముద్రం దాకా. రెండు వైపులా కయ్యల్లో నీళ్ళు, నీళ్ళలో ఇంకో నీలం కారు తలకిందులుగా మాతోనే వస్తోంది. అందులోనూ నాన్న ఉన్నాడు, నేనూ ఉన్నాను. ఆ ఇద్దరికీ ఏ రహస్యమూ లేనట్టుంది.

నాన్న ఈల వేశాడు. నాన్నకు ఈల వచ్చని నాకు తెలియదు.

కారును ఇవాళ కొఠారు ముందే ఉంచారు. సాయంత్రం ఒక్కదాన్నే వెళ్ళి వెనక సీట్లో కూర్చున్నాను. కప్పుకు చిన్న దీపం ఉంది. వేశాను. వెన్న రంగు వెలుగు. నా చేతులు కూడా అందంగా కనిపించాయి. ఇంతలో అమ్మ పిలిచింది.

మే 18

లేవలేదు. తాళం తిప్పితే చిన్న దగ్గు. అంతే.

మా కొఠారులో లారీలు కూడా పొద్దున్నే తాళంతో లేవవు. సముద్రపు గాలికి బ్యాటరీలు పడుకుంటాయి. కూలీలు వచ్చి రాగానే వరసగా వాటిని తోస్తారు, ఆ తర్వాతే పారలు పట్టుకుంటారు. ఇవాళా అంతే. ఎవరూ చెప్పకుండానే పన్నెండు మంది నీలం కారు వెనక చేరారు. నాన్న లోపల. గట్టు చివరి దాకా తోశారు. వెనక్కి లాగి మళ్ళీ తోశారు. ఏమీ లేదు. మూడోసారి ఇంకా గట్టిగా... స్టీరింగు తిరగడంలేదని నాన్న కేక. ముందు చక్రం జారి కయ్యలో దిగింది.

మస్తాన్ వేపపుల్ల నోట్లో పెట్టుకునే పరుగెత్తుకొచ్చాడు. "ఆపండయ్యా, తోస్తే లేచే బండి గాదు ఇది. క్లచ్చి లేనిది తోస్తే లేవదు."

"తోస్తే లేవకపోవడమేంది?" అంది ఉప్పెత్తే ముసలామె. "రైలన్నా లేస్తదే."

అందరూ నవ్వారు. మామయ్య నవ్వలేదు. "మన గాలికి వారానికో మాటు పడుకుంటది బావా ఇది. అప్పుడేం చేస్తావు, పాట పాడి లేపుతావా?"

నాన్న బురదలో నిలబడి ఉన్నాడు. ఎడమ కాలికి చెప్పు లేదు. ఎవరూ గమనించలేదు.

ఆ దీపం. ఆర్పానా? ఆర్పినట్టే గుర్తుంది. ఆర్పకుండా పరుగెత్తినట్టూ గుర్తుంది.

మే 19

నల్ల కారే. మామయ్య డాక్టరుగారికి మాట ఇచ్చేశాడు.

మే 20

దీపం సంగతి నాన్నకు చెప్పలేదు. ఇప్పుడు నా దగ్గర రెండున్నాయి — నాన్నది ఒకటి, నాది ఒకటి.

మే 24

శుక్రవారం. రాహుకాలం పోయాక నల్ల కారు వచ్చింది. అమ్మ పసుపు కుంకుమ పెట్టింది. చక్రాల కింద నిమ్మకాయలు. మామయ్య అందరి ముందు తాళం నాన్న చేతిలో పెట్టాడు.

"తోలు బావా."

"ఎండగా ఉంది. రేపు చూద్దాం."

"నడిచి పొమ్మన్నానా ఎండలో? ఎక్కు."

నాన్న ఎక్కాడు. కిందికి చూశాడు. కాలు ఎక్కడుందో కళ్ళతో వెతుక్కుని క్లచ్చి మీద పెట్టాడు. కారు గెంతింది, నిమ్మకాయలు చితికాయి, ఆగిపోయింది. మళ్ళీ. మళ్ళీ గెంతింది.

"చెయ్యి తిరగడానికి నాలుగు రోజులు పడతదిలే," అన్నాడు మామయ్య. చెయ్యి అన్నాడు. బతికాం.

మే 26

మధ్యాహ్నం అందరూ పడుకున్నాక నాన్న, నేను, సముద్రం ఒడ్డు.

నడిపేటప్పుడు కిందికి చూస్తే రోడ్డు కనిపించదు, రోడ్డు చూస్తే కాలు ఎక్కడుందో తెలియదు. ఇదీ కష్టం. ఒకసారి కాలు క్లచ్చి పక్కన ఉత్త నేలను నొక్కుతోంది, నాన్న గేరు లాగుతున్నాడు. లోపల పళ్ళు కొరికిన చప్పుడు.

"నాన్నా, కాలు పక్కకు పోయింది," అన్నాను.

కారు ఆపాడు. తర్వాత — "నువ్వు కూచున్న చోటు నించి కనపడతదా?"

కనపడతది.

కాబట్టి ఇలా. కాలు క్లచ్చి మీద సరిగ్గా పడితే నేను ఊ అంటాను. పూర్తిగా దిగితే ఇంకో ఊ. వదిలేశాక మూడోది. చిన్నగా, కథ వింటున్నట్టు.

మే 28

ఊ. ఊ. ఊ.

బాగా వస్తోంది. ఇవాళ బల్లకట్టు మీదికి ఎక్కించి కాలవ దాటాడు. బల్లకట్టు లాగే మనిషి కూడా మెచ్చుకున్నాడు. నీళ్ళ మీద కారుతో సహా మెల్లగా పోతుంటే, నిజంగా కథ వింటున్నానేమో, నాన్న చెబుతున్నాడేమో అనిపించింది. ఎండ తెల్లగా. కొంగలు తెల్లగా. రాత్రంతా నిద్రలోనూ ఊ అంటున్నానట, అమ్మ చెప్పింది.

మే 31

మస్తాన్ చూడటానికి వచ్చాడు. బానెట్ ఎత్తి ముక్కు పెట్టి వాసన చూశాడు. క్లచ్చి ప్లేటు కమురు వాసన వస్తా ఉందయ్యా అన్నాడు, కాలు దాని మీదే పెట్టి ఉంచుతుండారు. నాన్న లేదన్నాడు. నాన్నకు నిజంగానే తెలియదు. గేరు మార్చాక నేను చూడటం మానేస్తున్నాను, రోడ్డు చూస్తున్నాను. నాదే తప్పు.

అప్పుడు మస్తాన్ కిందికి చూశాడు. నాన్న మడమ మీద రూపాయి బిళ్ళంత బొబ్బ. ఇంజను వేడికి కాలిన కారు అడుగు రేకు మీద ఆ కాలు పెట్టి నడిపాడు. నాన్న కూడా అప్పుడే చూసుకున్నాడు.

మస్తాన్ తల గోక్కున్నాడు.

జూన్ 2

బొబ్బకు కొబ్బరినూనె రాస్తున్నాను, అమ్మ పెరట్లో ఉన్నప్పుడు. నాన్న పేపరు చదువుతుంటాడు. ఎక్కడ రాస్తున్నానో ఆయనకు తెలియదు.

జూన్ 3

మస్తాన్ ఒక దారి చెప్పాడు. గేరు కడ్డీకే సైకిలు బ్రేకు లాంటిది ఒకటి బిగిస్తాడట. చేత్తో నొక్కితే క్లచ్చి దిగుతుంది. కాలు పోయిన మిలిట్రీ ఆయన ఒకరికి పెట్టి ఇచ్చాడట, ఆయన బెజవాడ దాకా పోయి వస్తున్నాడట.

"కారెక్కిన ప్రతోడూ అదేందని అడుగుతాడు," అన్నాడు నాన్న.

"అడిగితే చెప్పండయ్యా."

"మీ అయ్యగారు అడిగితే?"

మస్తాన్ పాన్‌ నమిలాడు. మామయ్య మిల్లు జీతగాడు కదా తను.

"వద్దులే," అన్నాడు నాన్న. "నా పిల్ల ఉండాది గదా."

సంతోషం వేసింది. పదో తారీఖు బడి తెరుస్తారని ఇద్దరికీ గుర్తు రాలేదు. నాకు ఇప్పుడు, రాస్తుంటే వచ్చింది.

జూన్ 6

బడి మానేస్తానన్నాను. నాన్న కొట్టినంత పని చేశాడు. ఎప్పుడూ కొట్టలేదు.

జూన్ 8

ఏర్పాటు ఇదీ. సోమవారం నాన్నే నల్ల కారులో నన్ను హాస్టల్లో దింపుతాడు. అమ్మ కూడా. మనుబోలు దగ్గర పెద్దరోడ్డు ఎక్కాలి, లారీలు, బస్సులు. పోయేటప్పుడు నేనుంటాను. వచ్చేటప్పుడు అమ్మ ఉంటుంది, కారులో కుదురుగా కూర్చుని కొంగు సర్దుకుంటూ.

బావి దగ్గర మస్తాన్ నాతో మెల్లగా — "పాపా, మీ అమ్మకు నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

నేనే చెప్తానన్నాను.

జూన్ 9

మూడుసార్లు వంటింటి దాకా వెళ్ళాను. మొదటిసారి మంచినీళ్ళు తాగాను. రెండోసారి మంచినీళ్ళు తాగాను. మూడోసారి అమ్మ నా పెట్టెలోకి ఆవకాయ జాడీ కడుతోంది, గుడ్డ మీద గుడ్డ, ఎంత శ్రద్ధగానో.

"ఏందే, అట్టా నిలబడ్డావు?"

ఏం లేదు.

జూన్ 10, పొద్దున

బొబ్బ మానలేదు. మెత్తటి గుడ్డ చుట్టాను. దాని మీద నాన్న బూటు వేసుకున్నాడు. బయట కారు తుడుస్తున్నారు.

జూన్ 10, హాస్టల్

వచ్చాం. పెద్దరోడ్డు మీద కూడా ఏమీ కాలేదు. ఊ, ఊ, ఊ. వెనక సీట్లోంచి అమ్మ — "ఏందే అది, గొంతులో ఏమన్నా అడ్డం పడిందా?" నాన్న నవ్వాడు. నేనూ.

గేటు దగ్గర నాన్న పెట్టె దించుతున్నప్పుడు అమ్మను పక్కకు లాగాను. చెప్పాలనే లాగాను. నోట్లోంచి వచ్చింది మాత్రం — "అమ్మా, నువ్వు ముందు సీట్లో కూర్చో. నాన్న ఎడమ కాలు చూస్తూ ఉండు. క్లచ్చి మీద పడితే ఊ అను. దిగితే ఊ. వదిలేస్తే ఊ."

"ఎందుకే?"

"ఊరికే. అది నాన్నకు బాగుంటుంది."

అమ్మ నన్ను చూసింది. నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం ఉందేమోనని కూడా చూసింది. తర్వాత పోయి ముందు సీట్లో కూర్చుంది. నాన్న తలుపు దగ్గర ఒక్క క్షణం నిలబడ్డాడు, అమ్మను అక్కడ చూసి. ఎక్కాడు.

గేటు కమ్ముల్లోంచి చూశాను. కారు కదిలింది, గెంతలేదు. ఒకటో గేరు. అమ్మ తల కిందికి వంగి ఉంది. రెండో గేరుకు చప్పుడు మారాలి... మారలేదు. మలుపు దగ్గర పక్కకు తీసి ఆపారు. ఇంజను ఆగలేదు, వినిపిస్తూనే ఉంది. వెనక అద్దంలోంచి రెండు తలలు. నాన్న తల ఎదురుగా రోడ్డు వైపు. అమ్మ తల నాన్న వైపు. ఎవరు మాట్లాడుతున్నారో తెలియడంలేదు.

గంట కొట్టారు. హాస్టల్ సిస్టర్ నన్ను పేరు పెట్టి రెండుసార్లు పిలిచింది. లోపలికి వచ్చేశాను.

ఇక్కణ్ణించి ఆ మలుపు కనిపించదు. ఇంటి నుంచి ఉత్తరం రావడానికి మూడు రోజులు.