పడవ తమ్ముడు తిరిగిచ్చిన ఇరవై

2006 జనవరి, మంగళవారం రాత్రి. పోర్ట్ బ్లెయిర్ లాడ్జిలో.

ఒళ్ళంతా ఉప్పు, కాళ్ళు పీకుతున్నాయి. అయినా నిద్ర రావడం లేదు.

తను పనిచేసే చుండూరు బడిలో పిల్లలకు చెప్పినట్టే మా అమ్మాయి సునీత అండమాన్ వచ్చిన దగ్గర్నుంచి నాకు టిప్పుల పాఠం చెబుతోంది. హోటల్లో అయితే బిల్లు పళ్ళెంలో వదలాలట, పడవ దిగాక అయితే చేతిలో పెట్టాలట.

ఇవాళ పడవ నడిపినతను తెలుగువాడే. వాళ్ళ నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడట. దిగడానికి నేను భయపడుతుంటే మోకాలిలోతు నీళ్ళలో నిలబడి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "తమ్ముడూ, వదలకు నాయనా" అంటూ దిగాను. ఒడ్డుకొచ్చాక ఇరవై రూపాయలు చేతిలో పెట్టాను.

"తమ్ముడన్నారు కదక్కా, మళ్ళీ ఇదేంటి?" అని తిరిగిచ్చేశాడు.

"చూశావా అమ్మా, తక్కువిచ్చావు. యాభై ఇవ్వాల్సింది" అంది సునీత.

తక్కువనే తీసుకోలేదా, మనసు కష్టపెట్టుకున్నాడా? తెనాలిలో ఆటో అతన్నీ తమ్ముడూ అనే పిలుస్తాను. అతనెప్పుడూ డబ్బులు వద్దనలేదు. రేపు మళ్ళీ ఈ తమ్ముడి పడవే ఎక్కాలి. ఏ మొహం పెట్టుకుని ఎక్కను?

డబ్బు మాటెత్తకుండా ఇంటి నుంచి తెచ్చిన గోంగూర పచ్చడి సీసా ఇస్తాను. సొంత తమ్ముడు వచ్చినా అదే కదా కట్టి పంపేది. మూత ఇప్పటికి రెండుసార్లు బిగించాను. ఇచ్చేటప్పుడు మళ్ళీ తమ్ముడూ అనొచ్చో లేదో, అదొక్కటే తేలడం లేదు...