సీసా పట్టిన చెయ్యి

చంపాపేట్,
9 సెప్టెంబర్ 2025, మంగళవారం.

మనవడు మహిపాల్‌ను నాయనమ్మ అండాలమ్మ కడుపునిండా దీవించి రాయించేది ఏమనగా,

నేను బాగున్నాను. మోకాళ్లు మొరాయిస్తున్నా నోరు బాగానే ఆడుతోంది. మీ నాయన జగన్ ఆటోకు కొత్త సీట్లు వేయించాడు. ఈ ఉత్తరం రాస్తున్నది మన కింది వాటాలో కిరాయికుండే అమల. వాళ్లది కోస్తా వైపు. నా మాటను పుస్తకంలో మాటలా దిద్దుతోంది. నా కోపాన్ని మాత్రం దిద్దవద్దని చెప్పాను. ఫోనులో అయితే సగంలోనే "సరే నాయనమ్మా" అని పెట్టేస్తావు.

మొన్న ఎల్బీనగర్‌లో నేనెక్కిన ఆటోలో నీ పాత పాటే మోగుతోంది. రాసింది నా మనవడే అంటే డ్రైవరు సౌండ్ పెంచాడు. దిగేదాకా దొరసానిలా కూర్చున్నాను. నీ పాటంటే అంత ఇష్టం కాబట్టే కొత్తదాని మీద నా తగవు.

ఆదివారం దిల్‌సుఖ్‌నగర్ స్టూడియోలో రికార్డింగ్ అన్నావు. పాట మొదట్లో, పొలంలో వరినాట్లు వేస్తూ నేను పాడిన నాటుపాట రాగం నేనే పాడాలన్నావు. పాడతాను. కానీ "నువ్వు ఇడిసిపోతేనే సీసా పట్టిన, పిల్లా, నా సావు నీ పాపమే పిల్లా" అన్న చరణం ఉంటే నా గొంతు ఉండదు.

ఆ పిల్ల ఎవరో మన గల్లీలో తెలియనిదెవరికి? స్వప్న నిన్ను వద్దన్నది రెండేళ్ల కిందటి దసరాకు. నువ్వు తుర్కయంజాల్ దోస్తులతో తాగొచ్చి నా మంచం పక్కన కక్కింది అంతకు ముందు ఉగాదికి. కడిగింది నేను, నాకు బాగా గుర్తు. ఆ పిల్ల పోతే నువ్వు తాగలేదు. నువ్వు తాగుతుంటే ఆ పిల్ల పోయింది. ఏడాదిగా నువ్వు ముట్టడం లేదు, సంతోషం. మరి పాటలో ఆ పాపం ఆమె నెత్తిన ఎందుకు పెట్టావు?

నిన్న స్వప్న కూరగాయల బండి దగ్గర కనిపించింది. నువ్వు ఉత్తగా పాడి దోస్తులకు పంపిన పాటను ఆమె పోతుంటే వాళ్లు ఫోనులో పెడుతున్నారట.

"గీ పాట బయటికొస్తే నేను గల్లీల ఎట్ల తిరగాలె అవ్వా?" అంది.

ఆమె సంచీలో నా కొత్తిమీర కట్ట వేసి వచ్చాను.

మనసు విరిగితే ఏడువు, నేనూ గొంతు కలుపుతాను. తాగిన సంగతీ దాచకు. "నా చేత్తో నేనే పట్టిన" అని రాయి, రాగానికి సరిపోతుంది, నేను పాడి చూశాను. మార్చానని కబురు పెడితే ఆదివారం పొద్దున్నే జరీ చీర కట్టుకొని కూర్చుంటా.

నీ మేలు కోరే, నీకు లొంగని
నాయనమ్మ
(అండాలమ్మ వేలిముద్ర)

తా.క. ఇది రాయాలా అని అమల రెండుసార్లు అడిగింది. రాయమన్నాను. మీ తాత మట్టయ్య తాగుబోతని ఊరంతా అంటుంది, మీ నాయనా అదే నమ్మాడు. ఆయన చుక్క ముట్టలేదు. నా రెండో బిడ్డ చనిపోయాక తాగింది నేను. ఆడది సారా దుకాణానికి పోతే నలుగురూ నవ్వుతారని ఆయనే పోయి, పంచె మడతలో పెట్టుకొని తెచ్చేవాడు. చూసినవాళ్లు ఆయనకు పేరు పెట్టారు. ఆయన కాదనలేదు, నేనూ కాదనలేదు. తొమ్మిదేళ్లకు నేను మానేసినా ఆ పేరు ఆయనకే ఉండిపోయింది. ఏటా పెద్దలకు పెట్టే పెత్రమాస నాడు, తండ్రికి ఇష్టమని జగన్ ఫోటో ముందు అన్నంతోపాటు క్వార్టర్ సీసా పెడతాడు. నేను పక్కన నిలబడి దండం పెడతాను. అందుకే ఈ కవరు వాడికివ్వక, అమల పెనిమిటి పట్టాభి చేత నువ్వుండే గదికి పంపుతున్నాను. ఈ నెల ఇరవై ఒకటిన పెత్రమాస. అంతకు ముందే జగన్‌కు నా నోటితో నేనే చెబుతాను. నువ్వూ రా. ఈసారి ఆయన ముందు చాయ్ పెడదాం, రెండు చెంచాల చక్కెరతో.