లీమానా, సాంటియాగోనా

ముల్లు గుచ్చుకుందని నాతో అబద్ధం చెప్పావు, ఓబులేసూ. సోలార్ ప్యానెళ్ల కింద గడ్డి కోస్తుంటే కరిచింది పామని నీకు తెలుసు. పని ఆపితే సూపర్‌వైజరు ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇవ్వడని కుంటుతూనే వరుస పూర్తిచేశావు. నిజం చెప్పుంటే బండి మీద ఆసుపత్రికి తీసుకుపోయేవాణ్ని కదరా. దక్షిణ అమెరికాకు పోవాలని, ఒక్క కాగితం కోసం, నువ్వు చచ్చిపోయి నేటికి ఏడాది.

నువ్వున్నన్నాళ్లూ ప్యానెళ్ల నీడలో సద్ది తింటూ, ఏ ఊరికి పోవాలని రోజూ కొట్లాట మనకు.

"లీమాకు పోదామప్పా, ఆడ సముద్రం ఉండాది" అనేవాడివి నువ్వు.

"వాన పడని ఊరంట అది. దానికి మనం పనిచేసే ఈ పావగడ చాలదా? సాంటియాగోలో అయితే కొండల మీద మంచుంటాది" అనేవాణ్ని.

"సాంటియాగోలో బాడిగలు ఎక్కువంట. లీమాలో నెలల తరబడి మబ్బే, ఎండే రాదంట."

"ఎండ రాని ఊర్లో సోలార్ పనోళ్లకు ఏం పనిరా?"

"అందుకే పోదామనేది. ఇంకా చాలలేదా నీకు ఎండ?"

ఇవాళ బెంగళూరు ఏజెంటు ఫోన్ చేశాడు. రెండు ఊళ్లలోనూ మిద్దెల మీద ప్యానెళ్లు బిగించే పని ఉందట. ఏ ఊరో సోమవారంలోగా చెప్పాలట.

"ఇద్దరన్నారు కదా, ఇంకొకాయన ఏడి?" అని అడిగాడు.

"కాలికి ముల్లు గుచ్చుకునింది, రాలేడు" అన్నాను.

ఎదురు మాట్లాడే నువ్వు లేకుండా ఊరు తేల్చుకోవడం నాకు చేతకాదు. లీమా అన్నా ఈసారి కాదనను. సోమవారం పొద్దు మునిగేలోపల నువ్వే చెప్పాలి.