మా ఓవల్ మీద కసుమి

24 మార్చి 2025
మిగిలింది ఒక్క ఎలక్టివ్. జపనీస్ కవిత్వం. ‘ఈజీరా మావా’ అన్న సీనియర్ ఇప్పుడు ఫోన్ ఎత్తడు. ఇది పాసైతేనే డిగ్రీ. డిగ్రీ ఉంటేనే జులైలో మాసన్ లేక్స్ కంపెనీలో ఉద్యోగం.

పొగమంచుకు జపాన్ కవులు రెండు పేర్లు పెట్టారట. వసంతంలో వస్తే కసుమి: దూరపు కొండను మెత్తగా కప్పి, చూడాలన్న ఆశ పెంచుతుంది. శరత్తులో వస్తే కిరి: ఒంటరితనం. మోరి మేడమ్ నా వంతుకు కసుమి ఇచ్చారు. కళ్లారా చూసి, ఫోటో తీసి, ఏప్రిల్ నాలుగున క్లాసులో మాట్లాడాలి. సగం మార్కులు దీనివే.

మెల్‌బోర్న్‌లో ఇప్పుడు శరత్తు. వసంతం ఏ షాపులో దొరుకుతుంది?

26 మార్చి, ఉదయం 7.20
ఆకాశం తోమిన స్టీలు పళ్లెంలా ఉంది. ఇంటి పక్క ఆటస్థలం, అదే మా ఓవల్, దగ్గర ఒక కుక్క నన్ను చూసి జాలిపడింది.

28 మార్చి, ఉదయం 7.30
వచ్చింది! ఓవల్ నిండా. ఫోటో తీశాను. మూలన శరత్తుకు ఎర్రబడిన ఆకులతో ఒక చెట్టు. హౌస్‌మేట్ భానుశ్రీ చూసి, ఇది కిరి రా బాబూ, ఆ ఆకులే పట్టిస్తాయి నిన్ను అంది. చెట్టును క్రాప్ చేశాను, నాలో మిగిలిన నిజాయితీతో సహా.

30 మార్చి, ఉగాది
ఇక్కడి తెలుగువాళ్లకు పెద్దదిక్కు హనుమయ్య అంకుల్ ఇంట్లో పూజ. వేపపువ్వు ఫ్రీజర్‌లోంచి రాయిలా దిగింది. అంకుల్ పట్టుపంచె మీద పఫర్ జాకెట్, మంకీ క్యాప్ వేసుకుని సంకల్పం చెబుతున్నారు: వసంత ఋతౌ... భానుశ్రీ ఊరుకుంటుందా? అంకుల్, బయట ఆటమ్ సీజన్ అంది. తెలుసమ్మా, వణికేది నేనే కదా, వెదర్ యాప్ చూసి సంకల్పం చెప్పమంటావా ఏంటి, అక్షతలు పట్టుకో అన్నారు.

ముప్పై మందిమి వణుకుతూ వసంతంలో అడుగుపెట్టాం.

ఇంటికొచ్చి ఫోటోలోకి చెట్టును వెనక్కి తెచ్చాను.

4 ఏప్రిల్
అంకుల్ సంకల్పం, జాకెట్ అన్నీ చెప్పేశాను. చెట్టుకు ఇది శరత్తు, మా పంచాంగానికి వసంతం, కనుక ఇది కసుమి. క్లాసు నవ్వింది. మేడమ్ నవ్వలేదు. మీవాళ్లకు నిజంగా తేడా తెలియదా అని అడిగారు. తెలుసు మేడమ్, అందుకేగా జాకెట్ అన్నాను. ఫోటో వైపే చూస్తూ తన సంగతి చెప్పారు. జపాన్‌వాళ్ల ఉత్తరాలు ఋతువును తలుచుకుంటూ మొదలవ్వాలట. క్యోటోలో ఉన్న తన అక్కకు ముప్పై ఏళ్లుగా ఇక్కడ కూర్చుని అక్కడి ఋతువే రాస్తున్నారట.

మార్కుల మాట ఎత్తలేదు. నాకు కొరకడానికి గోళ్లు మిగల్లేదు.

8 ఏప్రిల్
గట్టెక్కాను. మార్కుల కాగితం కింద మేడమ్ చేతిరాత: అక్కకు పంపాలి, ఒక కాపీ ఇవ్వు. చెట్టుతో సహా.

9 ఏప్రిల్, ఉదయం 6.40
పనేమీ లేకపోయినా మెలకువ వచ్చేసింది. ఓవల్ మీదకు పొగమంచూ వచ్చింది. ఏ పేరుతో పిలవాలో తోచక, బాగున్నారా అన్నాను.