పురుగుల దొర ఉత్తరాలను నా ఇంటి రుజువుగా ఒప్పుకొనుట గురించి

హఫీజ్‌పేట్ శివారు,
14 మే 1998, గురువారం.

కొత్త రోడ్డు భూసేకరణ అధికారి గారి సముఖమునకు,

అర్జీదారు: రుక్కమ్మ, భర్త కీ.శే. రాజయ్య. వయస్సు డెబ్బై పైన (రజాకార్ల గడబిడ నాటికి ఇద్దరు పిల్లల తల్లిని, మిగతా లెక్క తమరు చేసుకోగలరు). నివాసం గుట్టకింది ఇల్లు. చదువు రాదు, నోరు వచ్చు. నేను చెప్పగా రాసినవారు: అర్జీల రామచంద్రం.

అయ్యా,

విషయం: హైటెక్ సిటీ వైపు పోయే కొత్త రోడ్డు కింద నా ఇల్లు పోవుచున్నందున బదులు ఇంటిజాగా ఇప్పించుట గురించి, తమ కార్యాలయం నవ్విన కాగితాలనే రుజువుగా స్వీకరించుట గురించి.

1. పాత కాపురమని కాగితం చూపినవారికే బదులు జాగా అని తమవారు చాటింపు వేసినారు. మా ఇంట్లో కాగితానికి లోటు లేదు. మా మామగారి తాత మల్లయ్య నాటి నుండి ఒక రేకుపెట్టె నిండా ఇంగ్లీషు కాగితాలున్నవి. ఇంగ్లీషులో ఉన్నందున అది పట్టాయే అని ఇంటిల్లిపాదీ నమ్మినాము. ఏటా దసరాకు పెట్టెకు పసుపు కుంకుమ పెట్టి, మూత తీయకుండా మొక్కినాము. ఎప్పుడో మూత తీసి చదివించి ఉంటే ఈ సిగ్గు అప్పుడే తీరిపోయేది.

2. పోయిన నెల పెట్టె నెత్తిన పెట్టుకొని తమ కార్యాలయానికి వచ్చితిని. గుమాస్తా సుబ్రహ్మణ్యం గారు పై కాగితం తీసి చదివి కళ్లద్దాలు తుడుచుకొన్నారు.

"ఏంటి మామ్మగారూ ఇది! పట్టా తెమ్మంటే పురుగుల ఉత్తరాలు తెచ్చారేంటండీ?"

"సరిగ్గ సదువు సారూ. గది మా జాగ పట్టా."

"పట్టాలో 'ప్రియమైన మల్లయ్యా, తేళ్లు అందినవి, మూడింటికి కొండి విరిగినది' అని ఉండదండీ."

సిబ్బంది అంతా అన్నం డబ్బాలు వదిలి చుట్టూ చేరినారు. తమ కార్యాలయంలో ఒక ఫైలును అంత శ్రద్ధగా చదువుట నేను అదే మొదలు చూచుట.

3. విన్నదాన్ని బట్టి తెలిసినదేమనగా, సికింద్రాబాద్ కంటోన్మెంటులో క్రాలీ అనే దొర పటాలానికి డాక్టరు. జ్వరాలు చూడవలసినవాడు పురుగుల వెంట పడినాడు. మల్లయ్య పట్టి పంపేవాడు. ఆయనకూ చదువు రాదు; దొర ఉత్తరాన్ని తెచ్చిన బంట్రోతే చదివి, తెలుగులో చెప్పి పోయేవాడు. ఉత్తరాలు ముప్పై ఎనిమిది. సీతాకోకచిలుకలను రుమాలులో మూటకట్టవద్దని ఒకటి. గద్ద గుడ్లు అడిగితే కోడిగుడ్లకు ఎర్రజాజు చుక్కలు పెట్టి పంపితివని ఒకటి. సారా సీసాలో పాము వచ్చినది, సారా మాత్రం రాలేదని ఒకటి. చివరిది నేరమే. మల్లయ్య తాగినాడు. కుటుంబం తరఫున ఒప్పుకొనుచున్నాను.

4. అయితే పదిహేడో ఉత్తరం నవ్వేది కాదు. అందులో దొర ఒక బల్లి బొమ్మ గీసినాడు. బల్లి కూర్చున్నది పెద్ద రాయి మీద. ఆ రాయి నెత్తిన టోపీ పెట్టినట్టు ఇంకొక రాయి. కింద మా ఇల్లు, తూర్పు వాకిలి. పక్కన "మల్లయ్య ఇల్లు, 1874" అని రాసినాడు. చదివినది సుబ్రహ్మణ్యం గారే. "ఇది మాత్రం మామ్మగారూ..." అని తమ గది వైపు చూసి, ఉత్తరాన్ని మడిచి పెట్టెలో పెట్టినారు. ఆ రాయి నేటికీ అదే, టోపీ అదే, వాకిలి అదే. బల్లి మాత్రం మారి ఉండవచ్చును. ముద్ర లేదన్నారు. బల్లి బొమ్మ మీద ముద్ర వేయించుకోవాలని దొరకు తోచలేదు, క్షమించగలరు.

5. ఫైలులో "అర్జీదారు పురుగుల ఉత్తరాలు దాఖలు చేసినది, నివాస రుజువు లేదు" అని రాసినారు. ఈ సోమవారం మళ్లీ వచ్చి బొమ్మను రాయితో సరిచూడమంటే, "రాయిని గురువారం పేలుస్తారమ్మా" అన్నారు. రాయి పోతే బొమ్మ ఉత్త బొమ్మే. రుజువు లేదని రాసినవారే రుజువును పేల్చుట ఏ రూలు? కొడుకులిద్దరూ పోయినారు. నేను, కోడలు పుణ్యవతి మిగిలినాము. తమ కొత్త బిల్డింగులకు ఇటుకలు మోసేది ఆమే. మోసి మోసి వచ్చి ఎక్కడ పడుకోవాలె అయ్యా? నన్ను కాదు, ఆమెను చూసి చెప్పండి.

కావున రాయి పేలకముందే తమరు స్వయంగా వచ్చి, బొమ్మ చేతబట్టుకొని చూసి, జాగా రాసి ఇవ్వగలరు. ఇది చిత్తగించవలెను. లేనిచో మళ్లీ రాయిస్తాను.

తమ విధేయురాలు (ఈ మాట తప్పదని రామచంద్రం గారు అన్నందున),
రుక్కమ్మ
ఎడమ బొటనవేలి ముద్ర

జత: పదిహేడో ఉత్తరం జిరాక్సు. అసలుది నా కొంగున ఉన్నది.

మరొక మాట: ఈ అర్జీని రాయి మీద కూర్చుని చెప్పినాను. రామచంద్రం గారు కింద నిలబడి రాసినారు. కాగితాన్ని తాడుకు కట్టి పైకి లాగి వేలిముద్ర వేసినాను. "అవ్వా, దిగు! మందు కూరినం!" అని రాళ్లు పేల్చే మేస్త్రి ఎర్రజెండా ఊపుతున్నాడు. "మీ సారొచ్చి సూస్తె దిగుత, జర ఆగు బిడ్డా" అన్నాను. పుణ్యవతి పనికి పోలేదు. నీళ్లు, సద్ది అదే తాడుకు కట్టి పంపుతున్నది. నాకు తొందర లేదు.